తలుపు వెనక గాంధారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వయొలిన్ నేర్చుకోవడానికి మా ఇంటి మెట్లెక్కే ప్రతి పిల్లకీ ఆ సంగతి కిందే ఎవరో ఒకరు చెవిలో వేసి పంపిస్తారు. కమాను వంకరగా పట్టుకుంటే ఊరుకోను. గోళ్ళు పెంచుకొస్తే ఊరుకోను. "ఇంటి దగ్గర బాగా వచ్చింది టీచర్, ఇక్కడికొస్తేనే రావట్లేదు" అంటే అసలు ఊరుకోను. అలాంటి నేను ఒక ఎనిమిదేళ్ళ పిల్ల ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఆ పిల్ల మా బిల్డింగు కింద లాండ్రీ నడిపే ఆవిడ కూతురు. ఒకచోట నిలవదు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది, బుగ్గలో ఎప్పుడూ ఏదో దాచుకుని నములుతుంటుంది. అందుకే అందరూ ఉడత అంటారు. ఓ సాయంత్రం దుప్పట్లు తెచ్చుకుందామని వెళ్తే, కౌంటరు మీద కూర్చుని కాళ్ళూపుతోంది. లిఫ్టు ఆగి గంట మోగింది. ఉడత తలెత్తకుండానే అచ్చం అదే శ్రుతిలో "టింగ్" అంది. వీధిలో ఎవడో హారన్ కొట్టాడు. దాన్నీ పట్టుకుంది. నేను సరదాకి ఒక స్వరం అన్నాను, అందుకుంది. కావాలని రెండు స్వరాల సందులో దూరే స్వరం ఒకటి అన్నాను, అదీ అందుకుంది, పైగా "ఇది బాలేదండీ" అంది. గొంతు గొప్పదేమీ కాదు. చెవి మాత్రం, నిజం చెప్తున్నాను, అలాంటిది నేను అంతకుముందు చూడలేదు.

ఊళ్ళో సంగీత పాఠశాల ఒకటుంది. తొమ్మిదేళ్ళు నిండని పిల్లల్నే చేర్చుకుంటారు. పరీక్ష ఒక్కటే. తెర వెనక నుంచి ఎవరో స్వరం పాడతారు, పిల్ల దాన్ని తన వాయిద్యం మీద వెతికి పట్టుకోవాలి. ఈ ఏడు తప్పితే ఉడతకి వయసు దాటిపోతుంది. ఆ మాటే వాళ్ళమ్మతో అన్నాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"దీన్ని ఇంతవరకూ ఎవరూ దేనికీ మెచ్చుకోలేదండీ. బళ్ళో అయితే రోజూ తిట్లే. మీరు నిజంగానే అంటున్నారా?"

"నాకు అబద్ధాలాడే ఓపిక లేదమ్మా. రేపటి నుంచి పైకి పంపించు."

పంపించమని అనేశాను గానీ, ఆ వయసు పిల్ల చేతికి సరిపోయే వయొలిన్ మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది మా అక్క కూతురిది.

మా అక్కా నేనూ మూడో అంతస్తులో ఉంటాం. ముందు గది నా పాఠాలకి, లోపలి గది అక్కకి. అక్క కర్టెన్లు కుడుతుంది. ఇక్కడ నేను పిల్లల్ని కేకలేస్తుంటే అక్కడ కుట్టుమిషను గడగడలాడుతుంటుంది. ఒకప్పుడు ఇంట్లో మూడో చప్పుడు కూడా ఉండేది. అక్క కూతురు నాలుగేళ్ళ కిందట, పదో ఏట, జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరింది, వారం తిరక్కుండానే పోయింది. దాని చిన్న వయొలిన్ అప్పట్నుంచీ పెట్టెలోనే, బీరువా మీద. అక్క దాన్ని ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

అందుకే రాత్రి భోజనాలయ్యేదాకా ఆ మాట ఎత్తలేకపోయాను. అడిగాక మాత్రం అక్క మారుమాట్లాడలేదు. స్టూలేసుకుని పెట్టె దించింది, చీర కొంగుతో దుమ్ము తుడిచింది, "తీగలు మార్చు, తుప్పు పట్టి ఉంటాయి" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. హమ్మయ్య, మా అక్క మళ్ళీ మనుషుల్లో పడుతోంది అనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న మాకు అలాగే నేర్పాడు. వాయించే పిల్ల ముందు గదిలో కూర్చుంటుంది. పాడే మనిషి లోపలి గదిలో, తలుపు వెనక నిలబడి, ఒక్కో స్వరం పాడుతుంది. మనిషి కనబడకూడదు. కనబడితే ఆ మనిషి కనుబొమ్మ ఎగరేసినా చాలు, పిల్ల చెవిని వదిలేసి కంటిని నమ్ముతుందనేవాడు. చిన్నప్పుడు నేను వాయిస్తే అక్క పాడేది. తర్వాత దాని కూతురు వాయించినా అక్కే పాడేది. పిల్ల పోయాక అక్క నోట ఒక్క స్వరం రాలేదు. నాకేమో పాడుతూ పిల్లల వేళ్ళు చూడ్డం చేతకాదు. అందుకని వయొలిన్ మెడ మీద సన్నటి తెల్ల టేపు ముక్కలు అడ్డంగా అతికించి, 'రి' ఇక్కడ, 'గ' ఇక్కడ అని చూపించి నెట్టుకొస్తున్నాను.

మొదటి రోజే ఉడతకి ఈ పద్ధతంతా చెప్పాను.

"ఎప్పుడైనా లోపల్నుంచి ఎవరైనా పాడితే నువ్వు టేపు వంక చూడకూడదు, నా వంక చూడకూడదు. ఆ గొంతుతో కలపాలి, అంతే. ఇప్పుడు పాడేవాళ్ళు లేరు గనక మనకి టేపే గతి. తెలిసిందా?"

"తెలిసింది టీచర్," అంది ఉడత, బుగ్గలోది మింగేసి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఉడతకి చెప్పలేదు, ఏ శిష్యురాలికీ చెప్పను. నాకు ఎడమ చెవి దాదాపు వినబడదు. వయొలిన్ మోగేది ఎడమ చెవి కిందే కదా, ముప్పై ఏళ్ళు అలా మోగించుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. అందుకని కుడి చెవి పిల్ల వైపు వచ్చేలా కుర్చీ వేసుకుంటాను. అప్పుడు ఎడమ చెవి లోపలి గది తలుపు వైపు ఉంటుంది. ఈ రహస్యం తెలిసిన మనిషి లోకంలో అక్క ఒక్కతే.

మొదట్లో పాఠం బంగారంలా సాగింది. కమాను పట్టు కుదరడానికి తల ప్రాణం తోకకొచ్చింది నిజమే, కానీ తీగ మీద వేలు పెట్టిందంటే చాలు, ఆ చెవి దానికి దారి చూపించేది. ఉత్త తీగ మీద 'స'. మొదటి వేలు పెడితే 'రి'. టేపు చూడకుండానే పెట్టేది. సాగదీసి సాగదీసి వాయించమంటే విసుక్కోకుండా వాయించేది. ఈ ఉడత శిష్యరికం ఇలా ఉంటే నాకిక పనేముంది అనుకున్నాను.

తర్వాత గాంధారానికి రెండో వేలు పెట్టించాను. 'గ' మోగింది. కుర్చీలోంచి సగం లేచాను.

పోయిన మా పిల్ల 'గ' ఎప్పుడూ వెంట్రుకవాసి కిందే ఉండేది. తల్లి లోపల్నుంచి ఎంత సరిగ్గా పాడినా సరే, ఇది తన దారి తనదే. "పైకి, ఇంకా పైకే" అని నేనరిస్తే, "నా 'గ' ఇంతే పిన్నీ, ఇష్టమైతే విను లేకపోతే మానెయ్" అనేది. నోటితో పాడినా అంతే. ఏడుస్తున్నట్టూ ఉండదు, నవ్వుతున్నట్టూ ఉండదు, ఆ రెంటికీ మధ్య ఎక్కడో అలిగి కూర్చున్నట్టుండేది. పాఠం చెప్పేదాన్ని, వేలమంది తప్పుడు 'గ'లు విన్నదాన్ని. తప్పుల్లో కూడా ఎవరి తప్పు వాళ్ళది. ఇప్పుడు ఉడత వేలి కింద మోగింది మా పిల్ల తప్పు.

"ఇంకోసారి," అన్నాను.

అదే వచ్చింది.

నేను దయ్యాల్నీ భూతాల్నీ నమ్మే మనిషిని కాను. టేపు జరిగిందేమో అని చూశాను, జరగలేదు. కొత్త తీగ సాగిందేమో అని శ్రుతి సరిచేశాను, సరిగ్గానే ఉంది. నేను తీసుకుని టేపు మీద వేలు పెట్టి వాయిస్తే 'గ' ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఉడత చేతికిస్తే మళ్ళీ కిందికి జారింది. వేలు పట్టుకుని టేపు మీద పెట్టాను. వదలగానే వెనక్కి జరిపేసింది. అంతటి చెవి ఉన్న పిల్ల, సందు స్వరాన్ని బాలేదని మొహమ్మీద చెప్పిన పిల్ల, తప్పు స్వరం మీద తృప్తిగా కమాను లాగుతోంది.

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. ఉడత వాయిస్తుంటే కిటికీ వైపు చూస్తూ కూర్చునేదాన్ని. దాని మొహం వైపు చూస్తే ఇంకో మొహం కనబడుతుందేమోనని భయం. ఒకరోజు అక్క కుట్టిన కర్టెన్లు షాపులో ఇచ్చి వస్తానని వెళ్ళింది. ఆవేళ ఉడత 'గ' చక్కగా, టేపు మీద, వంక పెట్టడానికి లేకుండా పలికింది. హమ్మయ్య, వదిలింది అనుకున్నాను. మర్నాడు అక్క ఇంట్లో ఉంది. 'గ' మళ్ళీ కింద. తల్లి ఉంటేనే పిల్ల ఇంటికొస్తోందా అన్న ఆలోచన నాకే వచ్చింది, నాకు! లెంపలేసుకున్నాను. అయినా ఆ ఆలోచన పోలేదు.

చివరికి ఓ సాయంత్రం ఓపిక పట్టలేక అరిచేశాను.

"టేపు కనబడట్లేదా నీకు? కళ్ళా, గోళీకాయలా? దాని మీద పెట్టమంటే ఎందుకు పెట్టవే?"

ఉడత బెదరలేదు. నా ప్రశ్నే దానికి వింతగా ఉన్నట్టు చూసింది.

"టేపు మీద పెడితే కలవట్లేదు కదా టీచర్."

"దేంతో కలవట్లేదు?"

"ఆ అమ్మాయితో."

"ఏ అమ్మాయితో?"

"లోపల పాడే అమ్మాయితో. మీరే కదా, ఆ గొంతుతో కలపమన్నారు?"

లేచి వెళ్ళి లోపలి తలుపు తోశాను. అక్క మిషను ముందు కూర్చుని ఉంది. పళ్ళ మధ్య దారం.

"రేడియో గానీ పెట్టావా?"

"లేదే. ఏం?" అంది దారం కొరికేసి.

గదిలో ఇంకెవరూ లేరు. సగం కుట్టిన కర్టెను నేల మీద పరుచుకుని ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చి ఉడతని ఇంటికి పంపించేశాను. ఆ రాత్రి నిద్ర పట్టిందంటే అబద్ధం. పిల్లలు అబద్ధమాడతారు, కానీ ఉడత అబద్ధమాడే మొహంతో చెప్పలేదు. వినబడింది చెప్పింది.

మర్నాడు కుర్చీ తిప్పి వేసుకున్నాను. ఇప్పుడు కుడి చెవి తలుపు వైపుంది.

"అటెందుకు కూర్చున్నారు టీచర్?"

"ఎండ కళ్ళలో పడుతోంది. నువ్వు కానీ."

లోపల మిషను ఆగింది. ఉడత కమాను ఎత్తగానే ఎప్పుడూ ఆగుతుంది, మాకు ఇబ్బంది కాకూడదని అక్క ఆపుతుందనుకునేదాన్ని. ఉడత 'స' లాగింది. కమాను చప్పుడు కింద, సన్నగా, దారప్పోగులా ఒక గొంతు. 'రి' లాగింది. ఆ గొంతు ముందు వెళ్తుంటే వయొలిన్ వెనకే వెళ్తోంది. తర్వాత ఆ గొంతు 'గ' అంది.

అది మా పిల్ల గొంతు. పోల్చుకోవడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. ఆ పీల గొంతు, చివర కొంచెం ముక్కుతో సాగదీయడం, ఆ అలిగిన 'గ'. పోయిన పిల్ల నా వెనక తలుపు అవతల నిలబడి పాడుతోంది, కొత్త పిల్ల నా ముందు కూర్చుని దాంతో కలుపుతోంది. నాకు భయమేసింది, దాచుకోవడమెందుకు. భయంతో పాటు ఇంకోటి కూడా కలిగింది. పరుగెత్తుకెళ్ళి దాన్ని ఎత్తుకోవాలనిపించింది. "నీ 'గ' అలాగే ఉండనీవే, ఇంకెప్పుడూ అరవను" అని చెప్పాలనిపించింది.

ఎలా లేచానో తెలీదు. తలుపు తోశాను.

అక్క తలుపు వెనక గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. ఒక అరచెయ్యి గొంతు మీద ఆనించుకుంది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, భుజమ్మీద కొలత టేపు. ఆ నోట్లోంచి పదేళ్ళ పిల్ల గొంతు వస్తోంది. కళ్ళు తెరిచి నన్ను చూశాక కూడా అది వెంటనే ఆగలేదు.

ఉడతని పంపించేశాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అక్కే మొదలెట్టింది.

"దాని గొంతు మర్చిపోయాననుకున్నానే. మొహం గుర్తుంది, జడ గుర్తుంది, గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా వచ్చేది కాదు. ఆ పిల్ల మొదటిసారి 'రి' దాటి వేలు పెడుతుంటే, నా నోట్లోంచి దానంతటది వచ్చేసింది. నేను పాడలేదు. ఒట్టు. అదే వచ్చింది."

"మొదటిసారి వచ్చింది సరే. ఆ తర్వాత రోజూ?"

"తర్వాత నేనే పిలిచాను." అక్క నా వైపు చూడకుండా అంది. "అది పాడితే ఈ పిల్ల వాయిస్తుంది. అచ్చం దానిలాగే వాయిస్తుంది. రోజూ కాసేపు నా కూతురు ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. అంతేగా. ఎవరి సొమ్ము పోయింది?"

"నాకు వినబడదని తెలిసే చేశావు."

"తెలిసే చేశాను."

ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. "ఎవరి సొమ్మా? ఆ పిల్ల చెవి! దానికున్న ఆస్తి అదొక్కటే. ఈ వయసులో చెవిలో ఏది పడితే అదే కుదురుకుంటుందని నాకు చెప్పాలా, నీకు చెప్పాలా? మన ఇద్దరికీ నాన్న చెప్పిన ముక్కేగా అది? రేప్పొద్దున తెర వెనక వాళ్ళు పాడితే ఇది మన పిల్ల 'గ' వాయించి ఇంటికొస్తుంది!"

"నాకు తెలుసు," అంది అక్క. "తెలిసీ ఆపుకోలేకపోయాను."

"అయితే రేపటి నుంచి పాఠం కింద, లాండ్రీలో చెప్తాను."

"చెప్పుకో. వయొలిన్ మాత్రం గడప దాటదు."

అక్క అంత మెత్తగా, అంత మొండిగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు కూడా రాలేదు.

రెండు రోజులు పాఠం లేదు. ఉడతకి ఏం చెప్పాలో తెలీక, తలనొప్పని కబురు పంపాను. మూడో రోజు సాయంత్రం వాళ్ళమ్మే ఉడత చెయ్యి పట్టుకుని పైకొచ్చింది. ఆవిడ మొహం వాడిపోయి ఉంది. ఉడత రెండు చెవుల్లోనూ దూది ఉంది.

"ఏమీ అనుకోకండి టీచరుగారూ. ఇక దీన్ని మాన్పించేద్దామనుకుంటున్నాను."

"ఏమైందమ్మా?"

"ఏమని చెప్పమంటారు? లిఫ్టు గంట తప్పంటుంది. నేను పనిలో ఏదైనా పాడుకుంటే, అమ్మా తప్పు పాడుతున్నావు, ఆపు అంటుంది. నిన్న బళ్ళో అందరూ కలిసి పాడుతుంటే లేచి నిలబడి, అందరూ తప్పు, అందరూ తప్పు అని చెవులు మూసుకుని ఏడ్చిందట. పాటల గుంపులోంచి తీసేశారు. ఇంటికొచ్చి తనే దూది పెట్టుకుంది. ఇంతకుముందు అన్నీ వింటూ, అన్నిటికీ బదులు చెప్తూ తిరిగేదండీ నా పిల్ల. వచ్చే వారమే కదా ఆ పరీక్ష. ఇలా ఉంటే ఏం వెళ్తుంది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏం చెప్పను? మా ఇంట్లో చచ్చిపోయిన పిల్ల మీ పిల్ల చెవిలో కూర్చుందని చెప్పనా?

లోపలి తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది. అన్నీ విన్నట్టుంది. సరాసరి ఉడత ముందుకొచ్చి, నేల మీద మఠం వేసుకుని కూర్చుని, దాని చెవుల్లోని దూది తనే తీసింది.

"వయొలిన్ తీసుకో తల్లీ," అంది.

ఉడత నా వైపు చూసింది. నేను తలూపాను. అది వయొలిన్ తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇంటి పద్ధతి ప్రకారం పాడే మనిషి కనబడకూడదు. మా నాన్న పోయి ఇన్నేళ్ళయినా ఆ నియమం మేము తప్పలేదు. అక్క ఇప్పుడు పిల్లకి మూరెడు దూరంలో, మొహంలో మొహం పెట్టి కూర్చుంది.

"స" అంది అక్క. తన సొంత గొంతుతో. ముతకగా, నాలుగేళ్ళు మూలన పడేసిన గొంతు. ఉడత ఉత్త తీగ మీద కమాను లాగింది. "రి." అదీ కలిసింది. తర్వాత అక్క నోరు తెరిచింది. 'గ' వచ్చింది. కిందికి. పీలగా. అక్క చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పైకి, అక్కా," అన్నాను. నా గొంతు నాకే వినబడనంత మెల్లగా అన్నాను.

అక్క మళ్ళీ 'స' నుంచి మొదలుపెట్టింది. 'రి' దగ్గర చాలాసేపు నిలబడింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. తర్వాత 'గ' అంది. సరైన 'గ'. చిన్నప్పుడు నేను విని కలుపుకున్న 'గ'. అది ఆ గదిలో విని ఎన్నేళ్ళయిందో.

ఉడత రెండో వేలు తీగ మీద పెట్టింది. కమాను ఎత్తింది. వాయించలేదు. తల తిప్పి, తెరిచి ఉన్న లోపలి తలుపు వైపు చూసింది.

"ఏం తల్లీ?" అంది అక్క.

"ఆ అమ్మాయి ఇంకా పాడుతోందండీ," అంది ఉడత. "మీరొకలా అంటున్నారు, తనొకలా అంటోంది. ఎవరితో కలపాలి?"

లోపలి గదిలో ఎవరూ లేరు. అక్క నా కళ్ళ ముందే ఉంది, నోరు మూసుకుని ఉంది. ఇన్నాళ్ళు విన్న గొంతు పిల్ల చెవిలో నిలిచిపోయి ఉంటుంది, అంతే అయ్యుంటుంది, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటున్నాను. తలుపు నాకు ఎడమ వైపుంది. కొంచెం తల తిప్పి కుడి చెవి అటు పెడితే తేలిపోయేది. నేను తిప్పలేదు. ధైర్యం చాలలేదు.

ఉడత వాళ్ళమ్మ ఎవరి మాటా అర్థంకాక గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

అక్క లేచింది. ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి తలుపు మీద వేసి గడప ఇవతలే నిలబడింది. దాని వీపు నాకు కనబడుతోంది. లోపలికి వెళ్ళిపోతుందనే అనుకున్నాను, వెళ్ళిపోతే తప్పు పట్టే మనిషిని కూడా కాను. ఎవరున్నారనుకుందో, ఏం చూసిందో నాకు తెలీదు. పెదాల చివర ఏదో అంది. ఏమందో అడగలేదు, ఎప్పటికీ అడగను. తర్వాత తలుపు మెల్లగా దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ పెట్టింది. నిద్రపోయే పిల్ల ఉన్న గది తలుపు అలా వేస్తారు.

వచ్చి మళ్ళీ ఉడత ముందు కూర్చుంది.

"నాతో కలుపు," అంది.

'గ' పాడింది. ఉడత వేలు ముందు కిందే పడింది. కనుబొమ్మలు ముడిచి వింది. వేలు కొంచెం, ఇంకొంచెం పైకి జరిపింది. రెండు స్వరాలూ కాసేపు ఒరుసుకున్నాయి, తర్వాత ఒకటైపోయాయి. అక్క వదల్లేదు. ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకునే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం కదల్లేదు. మా అక్కంత గొప్ప గాయని లోకంలో లేదని నాకు అప్పుడనిపించింది.

ఉడత కమాను ఆపింది. తలుపు వైపు చెవి పెట్టి కాసేపు వింది.

"ఇప్పుడు పాడట్లేదండీ," అంది, అక్కకి మేలు కబురు చెప్తున్నట్టు. "వెళ్ళిపోయింది."

అక్క తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు.

"అవునమ్మా, వెళ్ళిపోయింది," అంది. "ఇప్పుడు 'మ'. మూడో వేలు పెట్టు."